ఏరి పక్కన పెట్టిన రొయ్యలు

కాశిబుగ్గ, వరంగల్
11 జూన్ 2025

తమ్ముడు సదానందానికి,

మీ అక్క రమ రాస్తున్నది. ఇక్కడ అందరం బతికే ఉన్నాం. నువ్వు అడగలేదు గానీ చెప్తున్న.

జేబుల్లో ఫోన్లున్న కాలంలో ఉత్తరమేందని నవ్వుతున్నవేమో. ఉగాది నాడు ఫోన్లో కొట్లాడుకున్నం కదా, ఆ రోజే ఒట్టు పెట్టుకున్న. నువ్వు మా ఇంట్లో కూర్చొని అన్నం తినేదాకా నీకు ఫోన్ చెయ్య, నువ్వు చేస్తే ఎత్త. మీ బావ సంగతి నీకు ఎరికే, నీ నంబరు కనబడితే ఫోన్ బోర్లా పెడతడు. ఉత్తరాల మీద మాత్రం ఒట్టు పెట్టుకోలేదు. పోస్టాఫీసులో పనిచేసే తమ్ముడుండి ఉత్తరం రాయకపోతే ఇంకెవరు రాస్తరు?

సంగతేందంటే, వచ్చే శ్రావణానికి నాకు ఒడిబియ్యం పోసి ఐదేండ్లు నిండుతయి. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పసుపు బియ్యం పోయాలె, ఆ బియ్యం వండుకొని అందరం కలిసి తినాలె. అమ్మా నాయినా పోయిండ్రు. మనం పుట్టిన ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నరు. నాకు పుట్టిల్లంటే నువ్వొక్కనివే. పోయినసారి నీ భార్య సుహాసిని తన చేతులతో పోసింది. ఇప్పుడు ఆ పిల్ల లేదు కాబట్టి మా పక్కింటి మొగిలమ్మ పోస్తానన్నది. నువ్వు బియ్యం, చీర పట్టుకొని వస్తే చాలు. కానీ తినాలె.

నాలుగేండ్లయింది నువ్వు నా చేతి ముద్ద ముట్టక. నా బిడ్డ నవ్య పెండ్లిలో మేనమామవై ఉండి అందరి ముందర స్టీలు డబ్బా విప్పుకొని తిన్నవు. నర్సంపేట వియ్యంకులు "పిల్ల మేనమామ మా బంతిలో ఎందుకు కూసోలే? మా మీద గింత కోపమేంది?" అని ఇప్పటికీ అడుగుతరు. మీ బావకు ఆ రోజు తల కొట్టేసినట్టయింది. నాకు అంతకంటే ఎక్కువ అయింది గానీ నన్ను ఎవరడుగుతరు.

మొన్న మిరుగు కార్తె కదా, అందరూ చేపలు తినే రోజు. చేపల కాడ జనాన్ని చూసి మీ బావ ఎండు రొయ్యలు తెచ్చిండు. తిన్న అరగంటకు ఒళ్ళంతా దద్దుర్లు లేచినయి, పెదవి గారె లెక్క ఉబ్బింది. మొగిలమ్మ గొంగడి కప్పి పడుకోబెట్టింది. మెడికల్ షాపు గోలీ ఒకటి వేసుకున్న, పొద్దూకేసరికి తగ్గింది. పోయినేడు కూడా ఇట్లనే అయింది గానీ ఇంత కాలేదు. వయసు మీద పడ్డదేమో, రొయ్యలు సరిపడుతలేవు. నువ్వు ఫికర్ చెయ్యకు.

మగ్గం మీద జంపఖానా ఉంది, కండెలు చుట్టాలె. జవాబు రాయి. వస్తనని రాయి.

మీ అక్క
రమ

•

మరిపెడ
17 జూన్ 2025

అక్కకు,

నీ ఉత్తరం నా చేతికే వచ్చింది. సంచి విప్పి వేరు చేస్తుంటే నీ చేతిరాత కనబడింది. నా పేరులో సున్నాను ఇప్పటికీ కోడిగుడ్డంత రాస్తావు. మా పోస్ట్‌మ్యాన్ హరికృష్ణ "సార్, మీకు గూడ ఉత్తరాలొస్తయా!" అని ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకొచ్చిన మొదటి సొంత ఉత్తరం ఇదేనని అతనికి చెప్పలేదు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటి చెప్తాను. నవ్వకు. చదివి బావకు వినిపించకు.

సుహాసిని పోయిన కొన్నాళ్ళకు నా కడుపు పాడైంది. ఏం తిన్నా ఉబ్బరం, నొప్పి, విరేచనాలు. ఆ రోజుల్లో ఒక ల్యాబ్ వాళ్ళు ఇక్కడ క్యాంపు పెట్టారు. రక్తం తీసుకొని వారానికి రిపోర్టు ఇచ్చారు. తొంభై ఆరు రకాల తిండి పేర్లు, వాటిలో ముప్పై ఎనిమిదింటి మీద ఎర్ర గీత. గోధుమలు, కందిపప్పు, టమాటా, వంకాయ, గుడ్లు, పల్లీలు, నువ్వులు, చింతపండు, ఇంకా చాలా. ఇవన్నీ మీకు అలర్జీ, ముట్టుకోవద్దు అన్నారు. ఆ కాగితం వంటగదిలో గోడకు అంటించాను. నాలుగేళ్ళుగా అన్నం, సొరకాయ, బీరకాయ, ఉప్పు. పొయ్యి పక్కనే నిలబడి తింటాను. కూర్చోవడానికి పీట ఉంది, కూర్చోబుద్ధి కాదు.

నవ్య పెండ్లిలో నేను ఏం తినగలను చెప్పు. పల్లీ పొడి, నువ్వుల పొడి, చింతపండు లేని కూర మన దగ్గర ఉంటుందా? మేనమామకు ఏదో రోగమట అని వియ్యంకుల చెవిన పడితే పిల్లకు మాటొస్తుందని నోరు మూసుకున్నాను. పొగరనుకున్నా పరవాలేదు, రోగమనుకోకూడదనుకున్నాను.

ఒడిబియ్యానికి తప్పకుండా వస్తాను. చీర రంగు చెప్పు. బియ్యం పోయించి, నీ కాళ్ళకు దండం పెట్టి, సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. తినమని మాత్రం అడగకు.

ఇక్కడ వాన ఒకరోజు పడి మొహం చాటేసింది. పత్తి పెట్టిన వాళ్ళు ఆకాశం చూస్తూ కూర్చున్నారు.

నీ తమ్ముడు
సదానందం

•

కాశిబుగ్గ
24 జూన్ 2025

సదానందానికి,

నవ్వొద్దన్నవు కదా, నవ్వలేదు. కోపమొచ్చింది.

ముప్పై ఎనిమిదా? చిన్నప్పుడు పచ్చి చింతకాయలు ఉప్పు లేకుండనే నమిలినోనివి, పల్లి చేన్ల పడితే లేవనోనివి, నీకు చింతపండు, పల్లీలు పడవా? నమ్మమంటే ఎట్ల నమ్మాలె? కాగితానికి ఏం తెలుసు నీ కడుపు సంగతి? నాకు కూడా రొయ్యలు పడయి. పడకపోతే ఏమాయె, గొంగడి కప్పుకొని ఇంత సేపు పండుకున్న, అయిపోయింది. దానికి గోడకు కాగితం అంటించుకున్ననా?

అసలు సంగతి నేను చెప్పాలె, నువ్వు చెప్పవు. సుహాసిని దవాఖానలో ఉన్నప్పుడు నేను రాలేదు. మగ్గం మీద పని రెండు రోజుల్లో దిగుతది, దించి వస్తనన్న. దించి బస్సు ఎక్కేసరికి నీ ఫోన్ వచ్చింది. ఆ కోపం నీ కడుపులో ఉన్నది. అందుకే నా ఇంటి అన్నం నీకు దిగుతలేదు. నాలుగేండ్ల సంది నాకు తెలుసు. నువ్వు అంటవేమో అని చూస్తున్న. అంటే కాళ్ళ మీద పడేదాన్ని. నువ్వు అనవాయె, కాగితం చూపిస్తవు.

మీ బావకు నీ ఉత్తరం వినిపించలేదు. ఆయనే అడిగిండు, "ఏమంటండు నీ తమ్ముడు?" అని. "వస్తడట, తినడట" అన్న. "అయితే ఆ బియ్యం ఆయన్నే తిరిగి పట్టుకపొమ్మను" అని మగ్గం గుంతలోకి దిగిండు.

మొగిలమ్మ చీర ఆకుపచ్చది తెమ్మన్నది. నేనైతే ఒకటే చెప్తున్న. తినకపోతే రాకు. పుట్టింటివాడు పోసిన బియ్యం పుట్టింటివాడే తినకపోతే అది ఒడిబియ్యం ఎట్ల అయితది? నలుగురు ఆడోళ్ళు నా మొహం చూస్తరు. వాళ్ళ సంగతి విడువు, నేను ఏం మొహంతో వండాలె?

రమ

•

మరిపెడ
5 జూలై 2025

అక్కకు,

నీ ఉత్తరం చదివాక వారం రోజులు జవాబు రాయలేకపోయాను.

నాకు నీ మీద ఆ కోపం లేదు. ఉందని నువ్వు రాసేదాకా ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు మాత్రం సుహాసిని దవాఖానలో ఉన్న ఆ మంగళవారం గుర్తొచ్చి కూర్చుంది. ఆ రోజు సుహాసిని రెండుసార్లు అడిగింది, "వదినె వచ్చిందా?" అని. రేపు వస్తుందన్నాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వే తవ్వావు కాబట్టి చెప్తున్నాను. ఇందులో నీ తప్పు లేదు. రేపు వస్తావనే నేనూ అనుకున్నాను.

నువ్వు నమ్మలేదన్న పట్టుదలతో మొన్న ట్రైనింగ్‌కు హన్మకొండ వచ్చినప్పుడు రాజేశ్వర్ రావు గారని ఒక పెద్ద డాక్టర్‌కు రిపోర్టు చూపించాను. ఆయన చూసి పక్కన పెట్టి, "ఇది చూసి ఎన్నేండ్లు కడుపు మాడ్చుకున్నవయ్యా?" అన్నాడు. ఆ పరీక్ష అలర్జీని చెప్పదట. మనం మామూలుగా తింటున్న తిండిని రక్తం గుర్తుపెట్టుకుంటుందట, అంతే చెబుతుందట. అంటే ఆ కాగితం మీద ఉన్నది నా రోగం కాదు, సుహాసిని వండి పెట్టిన కూరలు.

తర్వాత నా రోజు ఎలా గడుస్తుందో అడిగాడు. వంట చేయబుద్ధికాక హోటల్ చాయ్‌లు ఏడెనిమిది తాగుతానన్నాను. పాలు మాన్పించి చూడమన్నాడు. మానేసిన నాలుగు రోజులకే కడుపు తేటపడింది. నాకు పాలు అరగవు, అంతే. ఇది అలర్జీ కాదు, కడుపు అరిగించుకోలేకపోవడం. ఎక్కువైతే బాధ, తక్కువైతే బాధ ఉండదు. పెరుగు రెండు చెంచాలతో మొదలుపెట్టి ఎంత పడుతుందో చూసుకోమన్నాడు. కొంచెమైతే ఏం కాదన్నాడు.

ఇక నీ సంగతి. అసలు అలర్జీ ఎలా ఉంటుందో చెబుతూ ఆయన అడిగాడు: తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం ఎప్పుడైనా అయిందా అని. నాకు కాలేదు, మా అక్కకు అయిందన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. ఒళ్ళు మొత్తం ఆ తిండిని శత్రువనుకొని కొట్లాటకు దిగుతుందట. ఈసారి పెదవి ఉబ్బింది, వచ్చేసారి గొంతు మూసుకుపోవచ్చట. పెద్ద వయసులో కూడా కొత్తగా మొదలవుతుందట. రొయ్యలు మళ్ళీ ముట్టవద్దు. పొరపాటున తిని గొంతు మారినా, ఊపిరి కష్టమైనా, కళ్ళు తిరిగినా గోలీ, గొంగడి అంటూ కూర్చోకుండా వెంటనే పెద్ద దవాఖానకు పోవాలి. అక్కడ తొడకు సూది వేస్తారు, అదే ప్రాణం నిలబెడుతుంది. నువ్వు వెళ్ళి చూపించుకో.

గోడ మీది కాగితం చింపేశాను. గోడ మీద ఆ మేర తెల్లగా ఉంది.

సదానందం

•

కాశిబుగ్గ
14 జూలై 2025

తమ్మీ,

వదినె వచ్చిందా అని అడిగిందా. రెండుసార్లు అడిగిందా. ఇది చదివినంక కండె చేతుల్లోంచి జారిపోయింది. ఇక దాని గురించి రాయను. రాస్తే ఆగను.

హన్మకొండ దాకా వచ్చి కాశిబుగ్గకు రాలేదు నువ్వు. ఆటోలో కూసుంటే పావుగంట. అది కూడా రాసుకున్న నా మనసులో.

నీ కాగితం ఉత్తదని డాక్టరే చెప్పిండు. కడుపు మంచిగైందని నువ్వే రాసినవు. ఇప్పుడేం సాకు చెప్తవు? తింటవా తినవా? ఒక్క మాట రాయి. వచ్చే నెల ఎనిమిదో తారీకు శ్రావణ శుక్రవారం ఖాయం చేసిన. బెల్లం అన్నం పాలు పొయ్యకుండ చేస్త నీకోసం.

నా గురించి ఫికర్ చెయ్యకు. దవాఖానకు పోయే తీరిక ఇప్పుడు లేదు, జంపఖానాలు దిగినంక చూద్దాం. ఇరవై తారీకు ఆదివారం మొగిలమ్మ ఇంట్లో బోనాలు. రొయ్యపొట్టు వేసి గోంగూర చేస్తది, ఏటా చేస్తది, నేను తినకపోతే దాని మొహం చిన్నబోతది. ఇంటికి పిలిచి పెట్టినప్పుడు తినకపోతే ఎట్లుంటదో నాకంటే ఎవరికి తెలుసు? అయినా నీ మాట కాదనను. నీ డాక్టర్ చెప్పినట్టే చేస్త. కొంచెమైతే ఏం కాదన్నడు కదా. కంటికి కనబడ్డ రొయ్యలన్నీ ఏరి పక్కన పెట్టి ఉత్త గోంగూర రెండు ముద్దలు తింట.

మొన్న నవ్య వచ్చిపోయింది. అల్లుడు పవన్ బండి మీద దింపి పోయిండు. కొత్త సిమ్ తీసుకున్నదట. "మామ ఎట్లున్నడే అమ్మా?" అని అడిగింది. బాగున్నడన్న. నాకేం తెలుసు.

మీ అక్క
రమ

•

మరిపెడ
18 జూలై 2025, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చూశాను. వద్దు. తినకు. ఒక్క ముద్ద కూడా వద్దు.

కొంచెమైతే ఏం కాదని ఆయన చెప్పింది నా పాల గురించి. నీ రొయ్యల గురించి కాదు. నేనే రెండూ ఒకే ఉత్తరంలో పక్కపక్కన రాశాను. నాది కడుపు బాధ, దానికి కొలత ఉంటుంది. నీ దానికి కొలత లేదు. రొయ్యలు ఏరి పక్కన పెట్టినా వాటి సారం గోంగూరలోకి దిగే ఉంటుంది. ఆ కూర తిప్పిన గరిటె పప్పులో పెట్టినా ఆ పప్పు నీకు వద్దు. మొగిలమ్మకు నేను చెప్పానని చెప్పు. ఆమె మొహం చిన్నబోతే పోనీ.

మూడుసార్లు ఫోన్ చేశాను. మోగి ఆగిపోతోంది. మెసేజ్ పెట్టాను గానీ మీ చిన్న ఫోన్లో అవి ఎవరూ చూడరని తెలుసు. నవ్య కొత్త నంబరు నా దగ్గర లేదు. ఎవరినీ అడగనూ లేదు.

ఈ రోజు సంచి కట్టేసి పంపేశాం. ఇది రేపు బయలుదేరుతుంది. ఆదివారం బట్వాడా ఉండదు. సోమవారానికి గానీ నీకు అందదు. ఈ పని చేసేవాణ్ణి, నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. దేవుడి దయ వల్ల నీకిది నవ్వుకోవడానికి పనికొస్తే చాలు.

ఫోన్ ఎత్తండి.

సదానందం

•

కాశిబుగ్గ
30 జూలై 2025

తమ్ముడికి,

బతికే ఉన్న.

నీ ఉత్తరం సోమవారం వచ్చిందట. మేం దవాఖానలో ఉన్నం. మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చేసరికి గడపలో పడి ఉంది. మీ బావ తీసి దుమ్ము దులిపి నాకిచ్చిండు.

ఆదివారం మధ్యాహ్నం బంతిలో కూర్చున్న. నీకు రాసినట్టే రొయ్యలు ఒక్కొక్కటి ఏరిన. విస్తరి అంచున పన్నెండో పదమూడో పెట్టిన. మొగిలమ్మ చూసి "ఏందే, గవే కదనే రుచి, తిను" అన్నది. "మా తమ్ముడు వద్దన్నడే" అన్న. ఉత్త గోంగూర రెండు ముద్దలే. చెయ్యి కూడా కడగలేదు, అరచేతులు దురద పెట్టినయి, తర్వాత ఒళ్ళంతా. మొగిలమ్మ పరుగున గొంగడి తెచ్చి కప్పింది, గాలి తగలొద్దని తలుపులు మూసింది. మంచిదే చేస్తున్ననని చేసింది. లోపల నాకు ఊపిరి అందుతలేదు. పిలుద్దామంటే గొంతు లేదు. గొంగడి కింద చీకటి, దాని వాసన, బయట డప్పులు. ఇంతమంది జనంలో ఒక్కదాన్నే పోతున్ననని అనుకున్న. తమ్మీ, మనిషికి అంతకంటే ఒంటరితనం ఉండదు. అప్పుడు నాకు సుహాసిని యాదికొచ్చింది.

మీ బావ వచ్చి "ఎట్లున్నవ్?" అని అడిగిండట. నేను పలుకలేదు. ఈయన ఇంటికి ఉరికి అల్మారలోంచి డాక్టర్ మాటలు రాసిన నీ పాత ఉత్తరం తీసుకొచ్చి వాకిట్లో నిలబడి చదివిండట. నీ పేరు ఎత్తని మనిషి. గొంగడి గుంజేసి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నయట. "తమ్ముడు రాసిండు, దవాఖానకే పోవాలె" అని అరిచి ఆటోలో ఎక్కించిండు. అక్కడ తొడకు సూది వేసిండ్రు. ఇంకో పది నిమిషాలు ఆగితే లేదన్నరు.

అక్కడి డాక్టరమ్మ కూడా నీ డాక్టర్ చెప్పినవే చెప్పింది. జన్మలో రొయ్య ముట్టొద్దు, పీత ముట్టొద్దు, అవి వండిన గిన్నె కూడా వద్దు. చీటీ రాసి ఎప్పుడూ కొంగున కట్టుకొమ్మన్నది. మొగిలమ్మ వచ్చి ఏడ్చింది. దానిది ఏం తప్పు.

ఇంటికొచ్చినంక నాకు తిండి చూస్తే భయం. మీ బావ వండిన పప్పు కూడా వాసన చూసి తింటున్న. ఇప్పుడు తెలిసింది తమ్మీ, నలుగురిలో కంచం ముందర కూర్చొని భయపడుడు ఎట్లుంటదో. నీ భయం ఉత్తదే కావచ్చు, భయం మాత్రం ఉత్తది కాదు కదా. నాలుగేండ్లు నిన్ను పొగరుబోతు అన్న.

అందుకే రాస్తున్న. ఎనిమిదో తారీకు రా. తినకున్నా రా. బియ్యం పోయించి కూసో, మాట్లాడి పో. తినమని అడగను. ఎవరినీ అడగనియ్య.

మీ అక్క
రమ

•

మరిపెడ
10 ఆగస్టు 2025, ఆదివారం

అక్కా,

నీ ఒట్టు తీరింది, ఇక ఫోన్లో మాట్లాడుకోవచ్చు. కానీ ఇది ఫోన్లో చెప్పగలిగేది కాదు. శుక్రవారం నీ ఎదురుగా కూర్చొని కూడా చెప్పలేకపోయాను.

ఆ శనివారం, బోనాలకు ముందు రోజు, నేను ఉదయమే బస్టాండుకు పోయాను. ఉత్తరం అందదని తెలుసు, ఫోన్ ఎత్తరని తెలుసు. వరంగల్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా. రెండు గంటల్లో మీ వాకిట్లో ఉండేవాణ్ణి. నా నోటితో చెప్తే నువ్వు ఆ గోంగూర ముట్టేదానివి కాదు. బస్సు కదలకముందే దిగిపోయాను.

ఎందుకంటే, వస్తే నువ్వు కంచం పెడతావు. చూపించడానికి నా దగ్గర కాగితం లేదు.

డాక్టర్ దగ్గర నుంచి వచ్చి పాలు మానేశాక, ఒక ఆదివారం ఎర్ర గీతలున్నవన్నీ వండుకున్నాను. వంకాయ, కందిపప్పు, పల్లీ పొడి, అన్నీ. తిన్నాను. ఏమీ కాలేదు. రోజంతా ఎదురుచూశాను, కడుపులో చిన్న నొప్పి కూడా రాలేదు. సంతోషపడాలి కదా. కూర్చొని ఏడ్చాను. నలుగురి మధ్య కూర్చొని తింటే రుచి తెలుస్తుంది. రుచి తెలిస్తే పక్కన సుహాసిని లేదని తెలుస్తుంది. ఆ ల్యాబ్ కాగితం నాకు అది తెలియకుండా నాలుగేళ్ళు అడ్డు నిలబడింది. రోగం కాదని తెలిశాక కూడా దాన్ని వదులుకోలేకపోయాను. అందుకే బస్సు దిగాను. ఆ ఒక్క కంచానికి భయపడి నిన్ను చావుకు వదిలాను. నువ్వు తినకున్నా రా అని రాశావు చూడు, అది చదివి నా మీద నాకు అసహ్యం వేసింది.

ఇది చదివి నువ్వు తిడితే తిట్టు. క్షమించానని వెంటనే రాయకు. కొన్నాళ్ళు కోపంగా ఉండు.

శుక్రవారం సంగతి నీకు తెలుసు, కానీ నా వైపు నుంచి తెలియదు. మొగిలమ్మ నీ ఒడిలో బియ్యం పోస్తుంటే ఆమె చేతుల్ని చూడలేక నేను మీ మగ్గం వైపు చూశాను. వంట అయ్యాక నువ్వు మాట తప్పకుండా నన్ను పిలవలేదు. బంతి వేశారు, అందరూ కూర్చున్నారు, నువ్వు నా వైపు చూడనే లేదు. నన్ను ఎవరూ రమ్మనకపోవడం అదే మొదటిసారి. నా అంతట నేనే వచ్చి బంతిలో కూర్చున్నాను. నువ్వు గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయావు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. రెండోది పడింది. బెల్లం అన్నంలో యాలకులు ఎక్కువ వేశావు, అమ్మ కూడా అలాగే వేసేది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే బావ వెనకే వచ్చాడు. చెంబు తీసుకొని నా చేతుల మీద నీళ్ళు పోశాడు. ఆయన నాకు చేతి నీళ్ళు పోయడమేంటని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "పట్టు" అన్నాడు. పోస్తూ పోస్తూ అన్నాడు, "అక్షరాలు మంచిగ రాస్తవ్ సదానందం. గాభరల అద్దాలు దొరకలే, అద్దాలు లేకుండనే చదివిన." అంతే. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. బస్సు గురించి ఆయనకైనా అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఈ ఉత్తరం ఆయనకు కూడా వినిపించు.

తిరిగి వచ్చి రెండు రోజులైంది. నిన్న, ఈ రోజు మళ్ళీ అదే ఇల్లు, అదే తాళం, అదే పొయ్యి. ఇందాక సాయంత్రం బట్టలు ఆరేస్తుంటే కడుపులో ఏదో అయింది. పాత నొప్పి మళ్ళీ వచ్చిందని భయపడి పీట మీద కూర్చున్నాను. కాసేపటికి గానీ అదేమిటో గుర్తు పట్టలేకపోయాను. ఇన్నేళ్ళూ గడియారం చూసి తిన్నాను, టైమయింది కాబట్టి తిన్నాను.

ఆకలి, అక్కా. ఆకలైందని చెప్పడానికి ఇంట్లో మనిషి లేక నీకు రాస్తున్నాను.

నీ తమ్ముడు
సదానందం